రాకబెల్లం

రోహిణి కార్తె, మొదటి పాదం. పడమటి గాలి, వేడి, పట్టు లేదు.

నా గాలిపటం నల్లంచు ఇవాళ లేవలేదు. లేచినా దాన్ని తోలేది నేను కాదు కాబట్టి ఈ మాట నేను రాయనక్కర్లేదు. చేతికి అలవాటై రాశాను. పటం తోలేవాళ్ళ రాతలో ముందు గాలి సంగతి రావాలి. పటం లాక్కున్నారు గాని గాలిని ఎవరూ లాక్కోలేదు కదా.

ఆరోగ్య లాంచీలో వచ్చే డాక్టర్ మెహరున్నీసా నన్ను రాయమన్నవి వేరే. ఏం తిన్నాను, వేలి నుంచి తీసిన రక్తపు చుక్క కాగితం మీద ఏ రంగు చూపించింది, ఫిట్స్ వచ్చాయా లేదా. అవీ రాస్తాను.

"రెండు రకాల మాత్రలు వాడి చూశాం వరాలూ. తగ్గాయి, ఆగలేదు. ఇక తిండి మార్చి చూద్దాం," అంది ఆవిడ. అన్నం, జొన్నరొట్టె, చిలగడదుంప, అరటిపండు, తీపి అన్నీ బంద్. నెయ్యి, వెన్న, మీగడ, కొబ్బరి నూనె, బాతు గుడ్లు, వాలుగ చేప. నా మెదడుకి పిండి బదులు కొవ్వుతో నడవడం నేర్పుతారట. "వంటింటి చిట్కా అనుకోకు, ఇదీ మందే. మాత్రలు మానకూడదు. ప్రతిదీ తూచి తినాలి. కొంచెం తీపి జారినా ఒళ్ళు మళ్ళీ పాతదారి పడుతుంది."

పక్కనే సరంగు ఏసుపాదం మామయ్య నిలబడి విన్నాడు. నీళ్ళ మీద తేలే మా ఏడో పంటు మీద ఆయన మాటే మాట. పోయిన ఏడు ఉప్పుజ్వరం తగ్గాక నా మొదటి ఫిట్ స్తంభం మీద, గూట్లో ఉండగా వచ్చింది. నడుముకి పట్టీ ఉండబట్టి నేను వేలాడాను. మోకు నా చేతిలోంచి జారి నల్లంచు నీళ్ళలో పడింది. పటం లాగకపోతే మోకు చుట్టిన చరకా తిరగదు, చరకా తిరగకపోతే కరెంటు లేదు, కరెంటు లేకపోతే ఉప్పునీళ్ళు మంచినీళ్ళు కావు. పంటు మొత్తం వాన డ్రమ్ముల అడుగులు గీక్కుంది. పటాన్ని కుట్టి మళ్ళీ ఎక్కించారు. నన్ను దించేశారు.

"హస్తకి గాలి తిరుగుద్ది," అన్నాడు మామయ్య. "అప్పుడు పటాలన్నీ దించి అతుకులేసి పేర్లు కొత్తగా కుడతాం గదా. అందాకా నల్లంచు మీద నీ పేరే ఉంటది. ఈ తిండికి ఫిట్టు ఆగిందా, పేరు కదలదు. ఆగలేదంటే తీసేయాల్సిందే. నా కడుపున పుట్టిన పిల్లయినా ఇంతేనమ్మా."

"ఆగినా వెంటనే స్తంభం ఎక్కనివ్వను," అంది డాక్టరమ్మ.

"ఎక్కొద్దులెండి. పేరు సంగతి చెబుతున్నా."

"అందాకా ఎవరు తోలతారు?" అని అడిగాను, తెలిసే.

"కస్తూరి."

కస్తూరి మా పిన్ని కూతురు, నాకంటే చిన్నది. మా అమ్మా పిన్నీ ఒడ్డున ఉప్పు కడిగే పొలాల్లో పని చేస్తారు. మా ఇద్దర్నీ పంటు మీద పెంచింది అమ్మమ్మ. నేను ఏలూరు ఒడ్డున గాలి చదువు చదివి పట్టా తెచ్చుకున్నాను. తెచ్చుకున్నదంతా కూర్చోబెట్టి కస్తూరికి నేర్పాను. ఎవరు నేర్పమన్నారు నన్ను!

రోహిణి, మూడో పాదం. గాలి అదే.

తలనొప్పి. నాలుక మీద ఇత్తడి రుచి. మొదట్లో ఒళ్ళు మొరాయిస్తుందని, ఉప్పూ నీళ్ళూ బాగా తీసుకోమని డాక్టరమ్మ ముందే చెప్పింది. చుక్క లేత గులాబి. ఒళ్ళు కొవ్వుతో నడుస్తోందనడానికి ముదురు ఊదా కావాలి.

పొద్దున రెండు బాతు గుడ్లు నేతిలో, తూచిన తూటికూర. మధ్యాహ్నం వాలుగ ముక్క, పైన గరిటెడు కొబ్బరి నూనె, గిన్నెడు మీగడ. నెయ్యి అనగానే జనం లొట్టలేస్తారు. అన్నం లేని నెయ్యి అంటే ఏమిటో వాళ్ళకి తెలియదు. పెళ్ళికొడుకు రాని ఊరేగింపు.

పగటి భోజనం పంటు మొత్తానికి ఒకేచోట. చివర్లో మా అమ్మమ్మ అమ్మాయమ్మ పీట వేసుకుని, పెద్ద బేసిన్‌లో మిగిలిన అన్నమంతా రొయ్యపొడీ చింతకాయ పచ్చడీ వేసి కలిపి, చుట్టూ చాపిన చేతుల్లో ఒక్కొక్క ముద్ద పెడుతుంది. పళ్ళెంలో ఎంత తిన్నా ఆ ముద్ద పడితేగాని ఎవరూ లేవరు. ఆమె కుడిపక్క చోటు పటం తోలేవాళ్ళది. ఎన్నో ఏళ్ళు అది నా చోటు.

ఇవాళ కస్తూరి కూర్చుంది. కూర్చోమన్నారు, కూర్చుంది. కాస్త వెనక్కి జరిగి కూర్చుంటే ఏం పోయింది? చెయ్యి అంత ముందుకి చాపాలా? నేను పళ్ళెం కడుక్కునే వంకన లేచి వెళ్ళి, నీళ్ళ డ్రమ్ముల వెనక నుంచి చివరి ముద్ద దాకా చూశాను.

మృగశిర, మొదటి పాదం. నైరుతి, బిగువుగా, మధ్యమధ్య జల్లు.

కస్తూరి మొదటిసారి ఒంటరిగా నల్లంచుని లేపింది.

లేపడం బాగాలేదు. ఎడమకి తూగింది. మోకు ఒక్కసారిగా వదలకూడదని దానికి లక్షసార్లు చెప్పాను. మూడో చుట్టుకి సరిచేసుకుంది. తర్వాత బాగానే తోలింది. బాగా తోలింది. రాయాలి కాబట్టి రాశాను.

దిగాక అమ్మమ్మ దానికి రాకబెల్లం పెట్టింది. పంటు మీద ఎవరు పోయి తిరిగొచ్చినా దవడలో బెల్లంముక్క పెట్టడం మా ఆచారం. నీళ్ళలో పడి తేలినవాళ్ళకి, మొదటిసారి స్తంభం ఎక్కి దిగినవాళ్ళకి, కానుపయిన తల్లికి, ఏళ్ళ తరబడి ఒడ్డున ఉండి వచ్చినవాళ్ళకి. పెద్దవాళ్ళు పెట్టాలి. పెట్టేటప్పుడూ తర్వాతా దాని మాట ఎత్తకూడదు. నమలకూడదు, ఉమ్మకూడదు. అది ఎంత తియ్యగా ఉందో ఎవరూ చెప్పుకోరు. హారతి కళ్ళకద్దుకుని ఎంత వేడిగా ఉందో చెప్పుకోనట్టే.

నేను మొదటిసారి దిగినప్పుడు నాకు పెడుతూ అమ్మమ్మ కళ్ళు తడి చేసుకుంది. ఇవాళా తడి చేసుకుంది. అంతే తడి. దగ్గరికెళ్ళి మరీ చూశాను.

ఆరుద్ర, రెండో పాదం. నైరుతి. నల్లంచు పొద్దంతా పైనే.

చుక్క ఊదా! తలనొప్పి పోయింది. బుర్ర తోమిన చెంబులా ఉంది. చాలాకాలం తర్వాత ఒక పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాను. బాతు గుడ్లని తిట్టడం మానేశాను.

ఆరుద్ర, మూడో పాదం. గాలి రాయబుద్ధి కావడం లేదు.

ఫిట్. వలలు ఆరేసే చోట. ముందు గుర్తున్నది ఎండలో మెరిసే వలకన్ను. తర్వాత గుర్తున్నది అమ్మమ్మ ఒడి, నా కుడి గుప్పిట్లో తాళంచెవి.

మా పంటు మీద తాళాలు లేవు. తాళాలు వెయ్యడానికి గట్టి తలుపులే లేవు. కాని ఇనుప తాళంచెవి ఒకటి ఉంది, కొల్లేరు మీదికి సముద్రం రాకముందు ఏ ఇంటిదో. ఫిట్స్ వచ్చిన మనిషి చేతిలో ఇనుము పెట్టాలి కాబట్టి, కేవలం నాకోసం, అమ్మమ్మ దాన్ని బొడ్లో దోపుకుని తిరుగుతుంది. దాంతో ఫిట్స్ ఆగవని డాక్టరమ్మ చెప్పింది, అమ్మమ్మ తల ఊపింది, తాళంచెవి బొడ్లోనే ఉంది.

నోట్లో సన్నటి తీపి. ఇది మొదటినుంచీ ఉంది. ఫిట్ వచ్చిన ప్రతిసారీ తెలివి రాగానే ఇదే రుచి. కొందరికి లేని వాసనలూ లేని రుచులూ తెలుస్తాయని కాలేజీలో చదివాను. డాక్టరమ్మని అడిగితే ఆవిడా అలాగే ఉంటుందిలే అంది. ఊరంతా అసలు తీపి తింటుంటే నా మెదడు నాకు దొంగ తీపి పెడుతోంది.

సాయంత్రం చుక్క దాదాపు తెలుపు. ఊదా ఎక్కడికి పోయింది?

పునర్వసు, మొదటి పాదం. నైరుతి, జల్లులు.

మళ్ళీ ఫిట్. మళ్ళీ తాళంచెవి, మళ్ళీ దొంగ తీపి, మళ్ళీ తెల్ల కాగితం.

లాంచీ వచ్చింది. డాక్టరమ్మ నా కాగితాలన్నీ వరసగా పరిచి చూసింది. "ఫిట్ వచ్చాక చుక్క పాలిపోతోంది. పాలిపోయాక ఇంకో ఫిట్. ఎక్కడినుంచో తీపి లోపలికి పోతోంది," అని వంటశాలకి నడిచింది. నేతిగిన్నె, మీగడ, మాత్రల పైపూత, ఉప్పు, అన్నీ పరీక్ష పెట్టింది. నా పళ్ళపొడి వేలికి అద్దుకుని నాకి చూసింది. ఏమీ తేలలేదు.

అందర్నీ కూర్చోబెట్టి అడిగింది. "నిజం చెప్పండి, తిట్టను. జాలిపడి ఎవరైనా ఈ అమ్మాయికి ఏమన్నా తినిపిస్తున్నారా?"

"మేమెవురం పెట్టలేదండి. అది తినే తిండి చూత్తేనే మాకు దడ," అంది వంటశాల మరియమ్మత్త.

"ఫిట్టొచ్చినప్పుడు?"

"చేతిలో ఇనుము పెడతన్నా, అంతేనమ్మా," అంది అమ్మమ్మ. "తిండి గింజ ముట్టనియ్యలా."

"దానికి తినిపించడం ఒకటా!" అని మోకు చుట్టుకుంటూ కస్తూరి అందుకుంది. "పండక్కి మాకు నెయ్యి చెంచాడు. దానికి పూటకి గిన్నెడు. వెన్నంతా దానికే, మీగడంతా దానికే. అమ్మమ్మ తక్కెడ పట్టుకుని దాని చుట్టూ తిరుగుతా ఉంటే నా తలకి నూనె రాసే దిక్కు లేదు. మాకేమన్నా మిగులుద్దేమో అడగండి డాక్టరమ్మా!"

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. నెయ్యి మీద దానికి ఇంత కన్నుందని అప్పుడే గమనించాను. నల్లంచు మీద ఎంత ఉండాలి మరి?

పుష్యమి, రెండో పాదం. నైరుతి, నిలకడ. తోలేవాళ్ళకి పండగ.

కస్తూరి కొత్త విద్య నేర్చింది. పటాన్ని రెండు గుండ్రాలుగా, పాము మెలిక పడ్డట్టు తిప్పుతోంది. చరకా ఎక్కువ తిరుగుతోంది, దీపాలు తెల్లగా వెలుగుతున్నాయి. ఏసుపాదం మామయ్య పైకి చూసి "అబ్బా, చెయ్యంటే అదీ!" అన్నాడు. నేను పక్కనే ఉన్నానని గుర్తొచ్చి దగ్గాడు.

నేతిగిన్నె ఇప్పుడు నా దగ్గరే పెట్టుకుంటున్నాను. మూతకి గుడ్డ కట్టి నాకు మాత్రమే తెలిసిన ముడి వేస్తున్నాను. అయినా ఫిట్ వచ్చింది. ముడి చూశాను. నా ముడే. కాని ఆ ముడి కస్తూరికి నేర్పింది కూడా నేనే.

పుష్యమి, నాలుగో పాదం. గాలి పడింది.

ముద్దల వేళ అందరూ చేతులు చాపి కూర్చున్నారు. నేను నేతిగిన్నె తీసుకెళ్ళి కస్తూరి ఒళ్ళో పెట్టాను.

"తిను."

"ఏంటక్కా?"

"ఇందులో ఏం కలుపుతున్నావో తిని నువ్వే చెప్పు. పంచదారా? పాకమా?"

అమ్మమ్మ చేతిలో ముద్ద గాల్లోనే ఆగింది. ఎవరి చేతిలోనూ పడలేదు.

"నేనెందుకు కలుపుతానే?" అంది కస్తూరి.

"హస్త దగ్గరికొస్తోంది కాబట్టి. నా పేరు ఊడితే నీ పేరు ఎక్కుతుంది కాబట్టి. నేను పడ్డప్పుడల్లా గూట్లో కూర్చుని చోద్యం చూస్తావు కాబట్టి."

"చోద్యమా?" అది లేచి నిలబడింది. "అవును, అందరికంటే ముందు చూసేది నేనే. పైనుంచి అన్నీ కనపడతై. చరకా కాడికి కేకేసి అమ్మమ్మని పిలిపించేది నేనే. నేను మటుకు దిగలేను. మోకు వదిల్తే పంటంతా నీళ్ళకి ఏడవాల. నువ్వు కింద కొట్టుకుంటా ఉంటే పైన కూకుని పటం తిప్పాల. నీకేం! నీకు తెలివుండదు. నాకుంటది!"

అది గిన్నెలో మూడు వేళ్ళు ముంచి, నా కళ్ళలోకి చూస్తూ నాకింది.

"నెయ్యే. వట్టి నెయ్యి. ఎంత బాగుందో తెలుసా? రోజూ ఇది తింటా కూడా ఏడిచే మనిషివి నువ్వొక్కదానివే."

గిన్నె నా కాళ్ళ దగ్గర పెట్టి వెళ్ళిపోయింది. నాకు వచ్చిన మొదటి ఆలోచన ఏమిటో రాయాలి: ఏడుస్తూ కూడా అది అందంగా ఉంది.

ఆశ్లేష, మూడో పాదం. నైరుతి, వాన తెరలు.

నిన్న మధ్యాహ్నం, చేపలు ఎండేసే తడికల దగ్గర ఫిట్ వచ్చింది. ఈసారి చిన్నది. ఇదివరకు ఫిట్ నన్ను బావిలోకి తోసేది. తోడి పైకి లాగేవరకు చీకటే. ఈసారి మోకాటి లోతు నీళ్ళలో పడ్డట్టుంది. అంటే ఇన్ని తప్పిన ఊదాల మధ్య కూడా ఆ తిండి ఎంతోకొంత పని చేస్తూనే ఉందన్నమాట.

చప్పుళ్ళు ముందు తిరిగొచ్చాయి. పైనుంచి కస్తూరి కేక. అమ్మమ్మ అడుగులు. కళ్ళు తెరిచే బలం లేదు. గుప్పిట్లోకి చల్లగా తాళంచెవి. ఆ తర్వాత పెదవి మీద ఒక వేలు. ముడతలు పడిన, రొయ్యపొడి వాసన వేసే వేలు. అది పెదవి పక్కకి జరిపి దవడలోకి కుంకుడుగింజంత గరుకు ముక్కని జార్చింది. ముక్క కరగడం మొదలైంది.

దొంగ తీపి కాదు. బెల్లం.

ఉమ్మాలి. తెలుసు. వెంటనే ఉమ్మలేదు. నాకు పెడుతోంది. నాకూ పెడుతోంది. నేను డ్రమ్ముల వెనక నిలబడి కుళ్ళుకున్న ఇన్నాళ్ళూ పెడుతూనే ఉంది. ఆ ముక్క చుట్టూ నాలుక ఒక్కసారి తిప్పి, అప్పుడు పక్కకి ఒత్తిగిలి ఉమ్మాను.

"అయ్యో అయ్యో! రాకబెల్లం ఉమ్మకూడదే తల్లీ!" అమ్మమ్మ హడలిపోయింది.

కూర్చోగలిగాక అడిగాను. "ప్రతిసారీ పెట్టావా అమ్మమ్మా?"

"పెట్టనా మరి? కళ్ళు తెరిచే ఉంటై, అందులో నువ్వుండవు. యాడికి పోతన్నావో తెలవదు. పోయి తిరిగొచ్చిన పిల్లని వట్టి నోటితో ఎట్టా రానిత్తానే?"

"ఏమన్నా తినిపిస్తున్నారా అని డాక్టరమ్మ అంత గట్టిగా అడిగిందిగా."

"తినిపిత్తే గదే చెప్పేది!" అమ్మమ్మకి నిజంగానే కోపం వచ్చింది. "రాకబెల్లం తిండా?"

నేనూ ఆ రోజు అక్కడే కూర్చుని ఉన్నాను. కాలేజీలో చదివిన నాకూ అది తిండిగా తట్టలేదు. పంటు మీద ఎవరికీ తట్టదు.

ఇక్కడితో నేను ఆగవచ్చు. ఇక నుంచి పెట్టకు, డాక్టరమ్మ వద్దంది అని ఊరుకోవచ్చు. కాని ఎందుకో తెలియకపోతే అమ్మమ్మ మళ్ళీ పెడుతుంది. పెట్టకుండా ఉండలేదు.

"బెల్లం బెల్లమే అమ్మమ్మా. నా ఒంటికి దాని పేరు తెలియదు. నువ్వు పెట్టిన ప్రతిసారీ తిండి పని పాడైంది. పాడైనందుకు మళ్ళీ ఫిట్ వచ్చింది."

"నిన్ను ఎనక్కి పిలిచింది నేననుకున్నా," అంది అమ్మమ్మ. "తోలేత్తన్నది నేనా?"

చెయ్యి పట్టుకుందామంటే తాళంచెవి అడ్డం వచ్చింది.

మఖ, రెండో పాదం. నైరుతి తగ్గుముఖం.

ముద్దలు లేవు. అమ్మమ్మ పీట వేసుకోవడం లేదు. "నా చెయ్యి మంచిది కాదు," అంటుంది. బేసిన్‌లో అన్నం ఎవరికి వాళ్ళు కలుపుకుంటున్నారు. రొయ్యపొడి అదే, పచ్చడి అదే. జనం సగం తిని లేచిపోతున్నారు. వరాలు చదువుకుంది గదా, ముసలమ్మని మాటలంది అనే గుసగుస నా దాకా వచ్చింది.

నేను కోరుకున్నది ఇదే కదా, ముద్ద ఎవరికీ లేకపోవడం? ఇప్పుడు అందరం సమానం. ఇంత దరిద్రంగా ఉంటుందనుకోలేదు.

కస్తూరి వచ్చి నా ఎదురుగా చతికిలబడింది. ఆ గొడవ తర్వాత ఇదే మొదటి మాట.

"నేను చూశానే," అంది. "ప్రతిసారీ పైనుంచి చూశా. అమ్మమ్మ నీ దవడలో పెడతా ఉంటే. రాకబెల్లమే గదా అనుకున్నా. ఒట్టు, తీపి అనుకోలా."

"నాకూ తట్టలేదులే."

"నాకు మొదటిసారి దిగినందుకు ఒక్కసారి పెట్టింది. నీకు పడ్డప్పుడల్లా పెట్టేది. పైన కూకుని లెక్కేసుకునేదాన్ని, దీనికి మళ్ళీ పెట్టింది, దీనికి మళ్ళీ పెట్టింది అని." మోకు రాసుకుని కాయలు కాసిన చేతుల్ని చూసుకుంది. "నువ్వు చచ్చిపోతావేమోనని ఒక పక్క ఏడుపు. ఒక పక్క ఇదీ. నా బుద్ధి అంత."

నేను దాన్ని చూసి కుళ్ళుతుంటే అది పైనుంచి నన్ను చూసి కుళ్ళుతోందన్నమాట. ఒకే మోకుకి రెండు కొసలు.

"నేతిలో కలిపావన్నాను," అన్నాను.

"అన్నావు."

"తప్పు."

"తప్పే," అని లేచి పోయింది. క్షమించానని అనలేదు. నేనైనా అనేదాన్ని కాదు.

మఖ, నాలుగో పాదం. గాలి లేదు.

లాంచీ వచ్చింది. సంగతి విని డాక్టరమ్మ తన నుదురు తనే కొట్టుకుంది. "తీపి అని నువ్వు చెప్పావు. నేనే కొట్టిపారేశాను," అంది. నేరుగా అమ్మమ్మ దగ్గరికెళ్ళి కింద కూర్చుంది.

"తెలివి పూర్తిగా రాకముందు నోట్లో ఏదీ పెట్టకూడదు పెద్దమ్మా, గొంతుకి అడ్డుపడుతుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టండి, పక్కన ఉండండి. అది మీరు బాగానే చేస్తున్నారు. తీపి ఒక్కటే వద్దు."

"నా చెయ్యి మంచిది కాదమ్మా."

"చేతికేం, బంగారం లాంటి చెయ్యి."

"పిల్ల తిరిగొత్తే వట్టి చేత్తో చూత్తా కూకోనా మరి?" అంది అమ్మమ్మ.

స్తంభానికి ఆనుకుని వింటున్న కస్తూరి అంది, "బెల్లమే ఎందుకే అమ్మమ్మా? దానికి వెన్న పెట్టు. దాని తిండి అదేగా. తూచి పెట్టు, పూర్తిగా లేచి కూకున్నాక పెట్టు."

డాక్టరమ్మ కళ్ళు పెద్దవి చేసి, "అదేదో బాగుందే," అంది. అమ్మమ్మ ముక్కు తుడుచుకుని, "రాకవెన్నా?" అని రెండుసార్లు అనుకుంది, నోటికి పడుతుందో లేదో చూసుకుంటున్నట్టు.

బాగుంది. చాలా బాగుంది. నాకు రావలసిన ఆలోచన దానికొచ్చింది. ఇందుకు కూడా నాకు కడుపుమంటే.

అమ్మమ్మ పీట వేసుకుంది. బేసిన్ చుట్టూ చేతులు లేచాయి.

ఉత్తర, మూడో పాదం. గాలి అటూ ఇటూ.

చుక్క ఊదా. నిన్నా ఊదా. మొన్నా ఊదా. ఆశ్లేష తర్వాత ఫిట్ లేదు. ఆ మాట రాసి, కొట్టేసి, మళ్ళీ రాశాను.

హస్త, మొదటి పాదం. గాలి తిరిగింది. ఈశాన్యం.

పటాలన్నీ దించారు. నల్లంచు నేలమీద పరిస్తే వంటశాల నుంచి చరకా దాకా వచ్చింది.

ఏసుపాదం మామయ్య నన్ను పక్కకి పిలిచాడు. "ఆశ్లేషలో వచ్చింది గదమ్మా."

"అది బెల్లం వల్ల మామయ్యా. ఆ తర్వాత రాలేదు."

"తెలుసు. కాని నేను చెప్పింది ఈ తిండికి ఫిట్టు ఆగాలని, తిండి మొదలయ్యాకా నాలుగుసార్లొచ్చింది. నీకోసం మాట మారిత్తే రేపు ఇంకోడికీ మార్చాల. పేరు తీసేత్తన్నా." ఆయన నా మొహం చూడలేకపోయాడు. "డాక్టరమ్మని అడిగా. స్తంభం ఇప్పుడప్పుడే కుదరదంది. చరకా దగ్గర కింద కూకోవచ్చంది, నడుముకి పట్టీ కట్టుకుని, పక్కన మనిషిని పెట్టుకుని. కూకుంటావా?"

పటం మీదికి కొత్తగా పేరు ఎక్కేవాళ్ళే పాత పేరు విప్పాలి. కస్తూరి సూదిమొనతో నా పేరు విప్పుతుంటే అంచు బిగించి పట్టుకున్నది నేను. ఎవరో ఒకరు పట్టుకోవాలి, లేకపోతే గుడ్డ చిరుగుతుంది. విప్పిన దారాన్ని అది పారేయలేదు. తడిచేసి, సాగదీసి, సూదికెక్కించి, దాంతోనే తన పేరు కుట్టింది.

"కొత్త దారం లేదా?" అన్నాను.

"ఆదా," అంది తలెత్తకుండా.

నేను నమ్మలేదు.

హస్త, మూడో పాదం. ఈశాన్యం, చల్లగా, మంచి పట్టు.

పొద్దున వెన్నలో రెండు గుడ్లు, తూటికూర. చుక్క ఊదా.

నల్లంచు లేచింది. పైన కస్తూరి, కింద చరకా దగ్గర నేను, పక్కన మరియమ్మత్త. ఈశాన్యం పటాన్ని పట్టగానే మోకు నా అరచేతుల్లోకి బిగిసింది. ఆ లాగుడు మర్చిపోయాననుకున్నాను. చేతులు మర్చిపోలేదు. పైనుంచి కస్తూరి "వదులు!" అంటే వదిలాను, "బిగించు!" అంటే బిగించాను. దాని మాట వినడం నాకు ఎంత కష్టమో మరియమ్మత్తకి నా పళ్ళ చప్పుడుని బట్టి తెలిసే ఉంటుంది. రెండుసార్లు అది అరవకముందే నా చేతులు వదిలాయి. పైనుంచి "సరే, నీకు తెలుసులే!" అని వినపడింది.

పటం దించాక చరకా పీట మీంచి లేచాను. ఎదురుగా అమ్మమ్మ, చేతిలో చిన్న తమలపాకు, దాని మీద తూచిన వెన్న. మొదటిసారి చరకా తోలి లేచినవాళ్ళకీ పెట్టాలట. ఎప్పటినుంచి అని నేను అడగలేదు. మాట లేకుండా వెన్న నా దవడలో పెట్టింది. కళ్ళు తడి చేసుకుంది. ఎంత తడో ఈసారి చూడలేకపోయాను, నావీ సరిగ్గా కనిపించే స్థితిలో లేవు.

కస్తూరి స్తంభం దిగి, ఎండకి నల్లబడ్డ మొహంతో వచ్చి మా ముందు నిలబడింది. తమలపాకు మీద మిగిలిన వెన్న వంక చూసింది.

"నాకూ పెట్టవే అమ్మమ్మా."

"నీకెందుకే? నీకు అన్నముద్ద ఉంది, కుడిపక్క చోటుంది. ఇది దానిది."

"కొంచెమే! వేలికొసంత!"

"చెయ్యి తియ్యి!"

వెన్న దవడలో పడగానే కరిగిపోతుంది. మింగెయ్యడానికి క్షణం చాలు. నేను మాత్రం అక్కడే చరకా పీట అంచున కూర్చుని, కస్తూరి చూస్తుండగా, ఆకు మీది మిగతా వెన్న కూడా వేలితో తీసుకుని, నిదానంగా, చాలా నిదానంగా తిన్నాను.